పేషెంటు సహకరించుట లేదు

ఆపరేషనయి రెండు రోజులైనా రోగి మంచం దిగడం లేదట. పెద్ద డాక్టరుగారికి కోపమొచ్చింది. మంచానికి ముప్పై సెకన్ల లెక్కన రౌండ్సు కొట్టే మనిషి, మా బాబాయి దగ్గర నలభై ఆగారు. ‘‘లేచి నడవాలి పెద్దాయనా, ఇలా పడుకుంటే ఎలా?’’ అని ఉరిమి పక్క మంచానికి వెళ్లిపోయారు. కేస్ షీటులో ఇంగ్లీషులో ఒక ముక్క పడింది. తెలుగులో దానర్థం: పేషెంటు సహకరించుట లేదు.

ఎలా సహకరిస్తాడండీ? పొట్ట నిండా కుట్లు. చేతికి సెలైన్. పక్కన డ్రెయిన్ గొట్టం. కింద యూరిన్ సంచి. మంచమేమో నడుమెత్తు, దిగడానికి పీట లేదు. అప్పుడే తుడిచిన నేల, ఫినాయిల్ తడి ఆరలేదు. బాత్‌రూము వరండా చివర. పట్టుకుందామంటే గోడకు ఒక్క కమ్మీ లేదు. కోట్లు పోసి రోబో కొన్న ఆసుపత్రికి కమ్మీ కొనే స్తోమత లేదా? ఉంది. కాకపోతే రోబోకు రిబ్బను కత్తిరించడానికి మంత్రిగారొస్తారు. కమ్మీకి ఎవరొస్తారు?

మనిషిని లేపడం బ్రహ్మవిద్యేం కాదు. ముందు నొప్పి మందు పడాలి. అది పనిచేసే వేళకు ఫిజియో రావాలి. కాసేపు మంచం అంచున కూర్చోబెట్టి, కళ్లు తిరుగుతున్నాయేమో చూడాలి. ఒకరు సంచులు పట్టాలి, ఒకరు మనిషిని పట్టాలి. దీన్నే బోర్డుల మీద టీమ్‌వర్క్ అని రాసుకుంటారు. మా వార్డులో జరిగిందేమిటి? సిస్టరు ఇంజక్షను పొద్దున ఆరింటికి ఇచ్చింది. ఫిజియో కుర్రాడు మధ్యాహ్నం రెండింటికి ఊడిపడ్డాడు. అప్పటికి మందు దిగిపోయింది. బాబాయి దుప్పటి అంచు కొరుకుతున్నాడు. ‘‘కాళ్లు ఆడించండి అంకుల్.’’ బాబాయి బొటనవేలు కదిపాడు. ‘‘వెరీ గుడ్!’’ సంతకం గీకేసి చక్కా పోయాడు. బిల్లులో అదొక సెషను.

సిస్టరును అడిగితే నడిపించడం ఫిజియో పని అంది. ఫిజియోని అడిగితే వార్డు బాయ్ రావాలన్నాడు. వార్డు బాయ్ మాత్రం వెంటనే చెయ్యి చాపాడు. బాబాయిని పట్టుకోవడానికి కాదు, వంద నోటుకు.

సిస్టరునంటే పాపం తగులుతుంది. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సుండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఆ రోజు మా వార్డులో ముప్పై మంచాలకు ఒక్కత్తే. ఆవిడ ఎవరిని నడిపిస్తుంది?

మనమేం తక్కువ తిన్నామా? పరామర్శకొచ్చే చుట్టం చేతిలో కొబ్బరిబోండం, నోట్లో ఉచిత సలహా: ‘‘కదలకు, కుట్లు ఊడతాయి!’’ బాలింతకైతే చెప్పనక్కర్లేదు. పచ్చి ఒళ్లు, కాలు కింద పెట్టకూడదు! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. కొయ్యడానికి అంత తీరికున్నవాళ్లకు, ‘లేచి తిరిగితే ఏం కాదమ్మా’ అని ఆ తల్లికీ అత్తకూ చెప్పే తీరిక ఉండదా? కదలకపోతే పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి ఎక్కితే ప్రాణమే పోవచ్చు. నెమ్ము చేరుతుంది. వీపు పుండవుతుంది. ఇదేమన్నా నిన్న కనిపెట్టిన సంగతా? పొట్ట కోసినవాళ్లను త్వరగా మంచం దించమని చికాగోలో ఎమిల్ రీస్ అనే డాక్టరు 1899లోనే రాశాడు. మన వార్డుకు ఆ కబురు ఇంకా దారిలో ఉంది.

అలాగని మనకు చేతకాదనుకోకండి. నాయకుడిగారికి మోకాలు మార్చారా, సాయంత్రానికల్లా పేపర్లకు ఫొటో. వాకరు, చిరునవ్వు, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, వెనక కుర్చీతో ఇంకొకడు. చూశారా టీము?

బాబాయినీ చివరికి నడిపించార్లెండి. అయిదో రోజు. ప్యాకేజీ రోజులు అయిపోయాయి, మంచం ఇంకొకరికి కావాలి. మూడు రోజులుగా కనపడని చేతులన్నీ ఒక్కసారి మొలిచాయి. బిల్లు కౌంటరు దాకా భేషుగ్గా నడిచాడు.

రేపు మీవాళ్లకు ఆపరేషనయితే, కాగితం మీద సంతకం పెట్టేముందు రెండే అడగండి. నొప్పి మందు ఎన్నింటికి? లేపేదెవరు? ‘‘మా టీమ్ చూసుకుంటుంది’’ అంటే ఊరుకోకండి. పేరు చెప్పమనండి.