పుట్టుకకు ముహూర్తబలము

పటమటలో మా వీధి మొగనున్న కాఫీ హోటలున ప్రాతఃకాలమున సమావేశమగు పెద్దలను తమ డివిజను కార్పొరేటరు పేరేమని యడిగినచో ఒకరి మొగమొకరు చూచుకొందురు గాని, పెన్సిల్వేనియాకు ఎలక్టొరల్ ఓట్లు 19 అనియు, 270 కూడగట్టినవాడే శ్వేతసౌధమున కాలుపెట్టుననియు, పెసరట్టు తుంచుటకు ముందే వల్లింపగలరు. ఈ విద్వత్సభకు అధ్యక్షులు మా యెదురింటి విశ్రాంత హెడ్మాస్టరుగారు. వారి కుమారుడు డల్లాసులో హెచ్-1బీ వీసాపై నుండి పన్నులు కట్టుచున్నాడే గాని ఓటు వేయజాలడు. ఏ దేశమువారికిని నూటికి ఏడు వంతులకు మించి గ్రీన్‌కార్డులీయరాదను నియమము పుణ్యమా యని వాని వంతు వచ్చునప్పటికి షష్టిపూర్తి కావచ్చును. స్వదేశమున ఓటు కలదు. 2010 నాటి చట్టసవరణ ప్రవాసులకు ఆ హక్కునొసగినది. కాని గన్నవరములో దిగి, వరుసలో నిలిచి, వ్రేలికి సిరా పూయించుకొనినగాని అది చెల్లదు. ఇక ఇంటిల్లిపాదిలో అమెరికా ప్రభుత్వమునెన్నుకొను యోగము కోడలి గర్భమందలి శిశువునకొక్కదానికే కలదు.

ఆ యోగమునకు 2025 జనవరి 20న గండము వచ్చినది. ఆనాడే గద్దెనెక్కిన ట్రంపుగారు, తాత్కాలిక వీసాలపై నున్న దంపతులకు ముప్పది దినముల తరువాత పుట్టు బిడ్డలకు పౌరసత్వము లేదని ఆజ్ఞాపత్రముపై సంతకము చేసిరి. గడువు దాటకుండ, నెలలు నిండకమునుపే కాన్పు చేయుమని భారతీయ దంపతులు కొందరు వైద్యులనాశ్రయించిరని పత్రికలు వ్రాసినవి. ఎదురింటి అరుగుమీదనుండి ఫోను వీధివీధికి వినబడినది: “ఒరేయ్ అబ్బాయ్, నక్షత్రం సంగతి నేను చూసుకుంటాను గానీ, నువ్వు ముందు తారీఖు సంగతి డాక్టరమ్మతో మాట్లాడు!” కుజదోషమునకు శాంతి కలదు, పౌరసత్వదోషమునకు శాంతి ఏ పంచాంగకర్తయు వ్రాసియుండలేదు. అంతలో న్యాయస్థానములు ఆజ్ఞకు అడ్డుపడినవి. ఆ పుణ్యమును హెడ్మాస్టరుగారు తాము చేయించిన సత్యనారాయణ వ్రతము ఖాతాలో జమకట్టిరి.

లెక్క సరిగా చూచినచో ఆ జమ మరియొకరిది. ఆ గడ్డపై పుట్టిన ప్రతి శిశువును పౌరుడేయను పధ్నాలుగవ సవరణ 1868లో వచ్చినది, అంతర్యుద్ధానంతరము బానిసల బిడ్డలను మనుష్యులలో చేర్చుటకు. మన పటమట మనుమలను ఉద్దేశించి కాదు. 1923లో భగత్‌సింగ్ థిండ్ అను పంజాబీ, తాను అగ్రకులజుడైన ఆర్యుడు గనుక శ్వేతజాతీయుడేనని, పౌరసత్వము నిలుపుడని అచ్చటి సుప్రీంకోర్టులో వాదించెను. కులము చూపి తెల్లవాడనిపించుకొనవచ్చునను ఆ మహత్తర సిద్ధాంతమును న్యాయమూర్తులు ఏకగ్రీవముగా త్రోసిపుచ్చిరి. 1946లో తలుపు ఓరగా తెరచి, ఏటికి నూర్గురు రావచ్చుననిరి. 1965 మార్చిలో అలబామాలోని సెల్మా వంతెనకడ, ఓటుకొరకు నడచిన నల్లవారి తలలు లాఠీలకు పగిలినవి. ఆగస్టు 6న ఓటుహక్కుల చట్టము వచ్చినది. ఆ హక్కుల గాలియే వీచుచుండగా, జాతినిబట్టి కోటాలు కట్టు పద్ధతిని తొలగించిన వలసచట్టము అక్టోబరులో వచ్చినది. ఆ ద్వారముననే మన గుడివాడ, ఉయ్యూరు, తెనాలి డాక్టర్లును ఇంజనీర్లును ప్రవేశించిరి. వంతెనకడ దెబ్బలు తిన్నది వారి ఖర్మము. విమానము దిగినది మన ప్రతిభ! కనుకనే హెడ్మాస్టరుగారు కుమారునకు చేసిన ప్రథమోపదేశము: “ఇల్లు ఎక్కడైనా కొనుక్కోరా, నల్లవాళ్ళుండే పేటలో మాత్రం వద్దు.”

2023లో సియాటిల్ నగరము కులవివక్షను నిషేధించినప్పుడు “అమెరికాలో కులమెక్కడుందండీ!” యని వారు ఆశ్చర్యపడిరి. ఆనాడే రెండవ కుమారుని వివాహప్రకటన వ్రాయుచుండుటచే, కులమును శాఖతో సహా పేర్కొని, ‘అమెరికా సంబంధములు మాత్రమే’ యని ముగించిరి.

తేదీలయందు వారికి గల శ్రద్ధనెరిగి, ఒకనాడు ఆగస్టు 6న విశేషమేమని యడిగితిని. తెలియదనిరి. సెల్మావారి చట్టము వచ్చిన దినమని చెప్పి, 1991లో అదే తేదీన తెనాలి చేరువనున్న చుండూరులో ఎనిమిదిమంది దళితులు హతులైరనియు, శిక్షపడినవారిని 2014లో హైకోర్టు నిర్దోషులని విడిచిపెట్టినదనియు గుర్తుచేసితిని. “పాతవి తవ్వుకోవడం ఎందుకండీ? ముందు మా పసిదాని సంగతి చెప్పండి. పుట్టుకను బట్టి మనిషి హక్కులు నిర్ణయిస్తారా? ఇంతకంటే అన్యాయముందా?” అనిరి. లేదని ఒప్పుకొని, ఈ మాటనే పత్రికకు వ్రాయుడని ప్రోత్సహించితిని.

వ్రాసిరి. మానవులందరును సమానులేయనియు, జన్మము నేరము కాజాలదనియు, రెండు పుటలు కంటతడి పెట్టించునట్లు వ్రాసి, క్రింద సంతకము చేసి, పాఠకులు పొరబడకుండ పేరు చివర కులము స్పష్టముగా చేర్చిరి.