ఉచిత శిబిరం, ఉచిత ప్రచారం

ఊళ్లో ఉచిత వైద్య శిబిరం పెడితే డాక్టరు కంటే ముందు దిగేది ఫ్లెక్సీ. వేటపాలెం స్టేషన్ రోడ్డైనా, చీరాల గడియార స్తంభం సెంటరైనా దాని వరస ఒకటే. పైన దేవుడు, ఆ పక్కన నాయకుడు, నడుమ ‘ఉచిత నేత్ర వైద్య శిబిరం’, అడుగున ఆవగింజంత అక్షరాల్లో సేవా సంఘం రిజిస్ట్రేషన్ నంబరు. ఆ నంబరును ఆనుకుని అరచేతి మందాన ఒక కళ్లజోళ్ల షాపు పేరు, సెల్ నంబరు, ‘శిబిరం చీటీ తెచ్చినవారికి ఫ్రేముపై ప్రత్యేక తగ్గింపు’. షాపు ఎవరిదయ్యా అంటే, పొద్దుటి నుంచి టోకెన్లు రాస్తున్న వాలంటీరుగారిది. టోకెన్ రాయడం సేవ. చీటీ వెనక షాపు అడ్రసు ముద్ర కొట్టడం కూడా సేవేనట.

“ఆయన సొంత పెట్రోలు పోసుకుని వచ్చి చాకిరీ చేస్తున్నాడండీ, పేరేస్తే అరిగిపోతామా?” అంటాడు కార్యదర్శి. సంఘం అరగదు, నిజమే. అరిగేది దాని పన్ను మినహాయింపు.

1961 ఆదాయపు పన్ను చట్టంలో 13వ సెక్షనుగా వచ్చిన నిబంధన ఒకటుంది. ధార్మిక సంస్థ తన సేవల్ని, తన ఆస్తిని సొంతవాళ్లకు తగిన ప్రతిఫలం తీసుకోకుండా ఇవ్వకూడదంటుంది. 2022లో దానికి ఇంకాస్త కారం తగిలించారు: సొంతవాళ్లకు పోయిన సొమ్ము మేరకు 30 శాతం పన్ను, మొదటిసారి పట్టుబడితే ఆ సొమ్మంత జరిమానా, మళ్లీ పట్టుబడితే రెండింతలు.

సొంతవాళ్లంటే ఎవరని మనవాళ్లు తప్పకుండా అడుగుతారని చట్టం రాసినవాళ్లకు ముందే తెలుసు. సంస్థ పెట్టినవారు, ట్రస్టీలు, నడిపేవారు, పెద్ద మొత్తం ఇచ్చిన దాతలు. నడిపేవారి భార్య, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అక్కడితో ఆగితే తెలుగువాడు దర్జాగా తప్పించుకునేవాడు. అందుకని భార్య తోబుట్టువులనూ చేర్చారు, అంటే బావమరిది దొరికాడు. వాళ్ల జీవిత భాగస్వాములనూ చేర్చారు, తోడల్లుడు దొరికాడు. తోబుట్టువుల పిల్లలనూ కలిపారు, మేనల్లుడూ దొరికాడు. దాతలను తప్పిస్తే వీళ్లెవరికైనా కనీసం 20 శాతం వాటా ఉన్న షాపు కూడా ఆ లెక్కలోదే. ఎంత వెతికినా ఆ జాబితాలో నాకు వియ్యంకుడు కనబడలేదు. పెళ్లిలో అంత మర్యాద జరిగే మనిషిని చట్టం మరిచిపోవడం ఏమిటో! ఇక ఫ్లెక్సీల మీద వియ్యంకుల షాపులు పెరిగితే ఆశ్చర్యం లేదు. 2025 నాటి కొత్త చట్టం సెక్షన్ల నంబర్లు మార్చింది గానీ, మన చుట్టరికాలను మార్చడం దాని తరమూ కాదు.

ఏ చుట్టరికమూ లేని మామూలు వాలంటీరైతే? ఈ సొంతవాళ్ల నిబంధన అతని జోలికి రాదు. కానీ పదిమంది చందాలతో వచ్చిన మంచి పేరును ఒక్క షాపుకు ధారపోయడం సంఘం పెట్టుకున్న ఏ ఆశయంలోకి వస్తుందో కార్యదర్శిగారే చెప్పాలి.

వకీలుగారి ఉచిత న్యాయ సలహా శిబిరం ఇంకా రంజుగా ఉంటుంది. బార్ కౌన్సిల్ 36వ నిబంధన ప్రకారం న్యాయవాది ప్రచారం చేసుకోకూడదు, బోర్డు కూడా ఒక మోస్తరు సైజు దాటకూడదు, దాని మీద ఏ సంస్థతోనూ తనకు సంబంధం ఉన్నట్టు రాయకూడదు. ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో సైజు చూశాక, నిబంధనలోని ‘మోస్తరు’ను ఏ టేపుతో కొలిచారో అడగాలనిపిస్తుంది.

అమెరికా వెళ్తే మన అలవాటూ మనతోపాటే విమానం దిగుతుంది. అక్కడి తెలుగు సంఘాల్లో చాలావాటికి అక్కడి పన్ను చట్టం 501(సి)(3) సెక్షను కింద మినహాయింపు ఉంటుంది. స్పాన్సరు పేరు, లోగో, ఫోను నంబరు వేసి కృతజ్ఞతలు చెబితే అక్కడి పన్ను శాఖకు అభ్యంతరం లేదు. ‘అందరికంటే మేలు’, ‘ఇంత ధర’, ‘వెంటనే కొనండి’ అన్నారంటే అది ప్రకటన కిందికి వస్తుంది, దాని మీద వచ్చిన సొమ్ముకు పన్ను పడొచ్చు. మన శిబిరం చీటీ ఆ గీతకు ఏ వైపున ఉందో చదివినవాళ్లకు తెలుస్తూనే ఉంది.

సేవకు షాపు అంటుకోని రోజులూ మన దగ్గర ఉండేవి. వేటపాలెం చుట్టుపక్కలే 1921లో చీరాల-పేరాల జనం మునిసిపాలిటీ వద్దని ఊరు ఖాళీ చేసి రామనగర్ పాకల్లో నెలల తరబడి ఉన్నారు. వాళ్లకు తోడు నిలిచింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి స్వచ్ఛంద సేవాదళం రామదండు. ఇప్పటి మన తెలివి ఆనాడే ఉంటే ‘పాక వేసుకునేవారికి మా దండు సభ్యుడి తాటాకు డిపోలో తగ్గింపు’ అని దండోరా వేయించేవాళ్లం. 1918లో పుట్టిన మా వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే ఉంది. ‘ఇలాంటి కర్రలు మా వాలంటీరుగారి కొట్లో దొరుకును’ అని దాని కింద ఎవరూ చీటీ అంటించలేదు, అంతవరకు అదృష్టం.

షాపువాళ్లకు ఫ్లెక్సీ మీద చోటు కావాలంటే రేటు కట్టమనండి, రసీదు ఇవ్వండి, ఆ డబ్బుకు వేరే లెక్క రాయండి. ఎదురు షాపువాడికీ అదే రేటు. ఇక శిబిరానికి వెళ్లేవాళ్లు నిక్షేపంగా కళ్లు చూపించుకోండి, చీటీ రాయించుకోండి. జోడు మాత్రం నాలుగు షాపుల్లో ధర అడిగి కొనుక్కోండి.