నన్ను చుట్టి వెళ్లండి

నేను పందెం బోయాను. నారింజ రంగు ఒళ్లు, గాలి కొడితే మనిషంత ఎత్తు, కింద లంగరు తాడు. తెరచాప పడవల పోటీలో పడవలన్నీ తిరగాల్సిన మలుపు నేనే. ఒంటి నిండా అతుకులు పడ్డాక నన్ను పని నుంచి తప్పించారు. సెయిలింగ్ క్లబ్బులో రెస్క్యూ బోటు నడిపిన తిరువూరు మనిషి నన్ను ఊరికి తెచ్చుకుని మామిడి తోటలో పాక కింద పడేశాడు. అతని మేనల్లుడు నా మీదెక్కి కూర్చుని ఒకటే ప్రశ్న వేస్తుంటాడు.

"మావయ్యా, రేసు ఎన్ని కిలోమీటర్లు?"

"కిలోమీటర్లు కాదురా, నిమిషాలు."

వాడికది జవాబులా తోచదు. నిజానికి అసలు జవాబు అదే.

తెరచాప పడవ గాలికి ఎదురుగా తిన్నగా పోలేదు. దాదాపు 45 డిగ్రీల వాలున కుడికోసారి, ఎడమకోసారి వంకలు తిరుగుతూ రావాలి. స్టార్ట్ లైనుకూ నాకూ మధ్య కిలోమీటరుంటే, పడవకు సుమారు 1.4 కిలోమీటర్ల దారి. ఆ దారే గట్టి గాలిలో ఇట్టే అయిపోతుంది, నీరసపు గాలిలో ఎంతకీ తెమలదు. అందుకే రేస్ ఆఫీసర్ ముందు నిమిషాలు అనుకుని, గాలి చూసి, ఆ తర్వాతే నన్ను ఎక్కడ దింపాలో చెబుతాడు. ఒలింపిక్స్ స్థాయిలో లేజర్ తరగతి పడవల రేసుకు సుమారు 50 నిమిషాలు అనుకుంటారు. అది విశాలమైన నీళ్లలో. నేను కొలువు చేసిందేమో హైదరాబాదు నడిబొడ్డున, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలం నాటి హుస్సేన్ సాగర్‌లో. జూలైలో పడమటి గాలి నెక్లెస్ రోడ్డు చెట్లూ మేడలూ దాటి వచ్చేసరికి ముక్కలైపోతుంది. ఎడమ పక్క నుంచి వచ్చినవాడికి దొరికిన విసురు కుడి పక్కవాడికి దొరకదు. 1990లో తానే నీళ్లపాలై, 1992లో గానీ నిలబడలేకపోయిన మా పొరుగు రాతి బుద్ధుడు ఈ అన్యాయాలన్నీ చూస్తూనే ఉంటాడు.

పందెం దారి, అంటే కోర్సు, మరీ పొట్టిదైతే స్టార్టులో మంచి చోటు పట్టినవాడిదే పందెం. పడవలు విడివడే వ్యవధి లేక గుంపుగా నా మీదికి వస్తాయి. గుద్దుకోవడాలు, కేకలు, ఒడ్డుకు చేరాక ప్రొటెస్టు ఫిర్యాదులు. నా అతుకుల్లో సగం ఆ పుణ్యమే. మరీ పొడుగైతే, ఒక్కసారి గాలి దిక్కు మారిందంటే ఓ పక్కకు వెళ్లినవాళ్లంతా బాగుపడతారు, మిగతావాళ్లకు కోలుకునే వీలుండదు. అదృష్టం రెండు చోట్లా ఉంది. దాన్ని పలచన చేసేది రేసుల సంఖ్య.

లెక్క చూడండి. మొదటి స్థానానికి 1 పాయింటు, రెండో స్థానానికి 2. మొత్తం ఎవరికి తక్కువొస్తే వారే విజేత. ఇరవై పడవల పోటీలో రేసు పూర్తి చేయలేకపోతే 21. రెండు రేసులు గెలిచి, మూడోదాంట్లో చుక్కాని విరిగిన అమ్మాయికి 23 పడతాయి. ఒక్కటీ గెలవకుండా 5, 6, 7 స్థానాల్లో వచ్చిన అబ్బాయికి 18. కప్పు అతనిది! ఎవరి అధ్వాన్నపు ఫలితం వారికి ఒకటి కొట్టేస్తే ఆమెకు 2, అతనికి 11. నిబంధనల్లో ఈ వెసులుబాటు అందుకే ఉంది. మూడు రేసులకే ఇచ్చేస్తే మాత్రం తెగింపుకు బహుమతి ఇచ్చినట్టే. అందుకని చాలా పోటీల్లో ఇంకొన్ని రేసులు పూర్తయ్యాకే ఇస్తారు. 2008 ఒలింపిక్స్‌లో చివర మెడల్ రేసు పెట్టి, దానికి రెట్టింపు పాయింట్లన్నారు. అది కొట్టేయడానికీ వీల్లేదన్నారు. టీవీకి బాగుంటుందేమో, నాకు నచ్చదు.

అలాగని సంఖ్య కోసం సంఖ్య పెంచడమూ తప్పే. సాయంత్రం గాలి పడిపోయాక, సుమారు 2.3 మీటర్ల ఆప్టిమిస్టు పడవల్లో చిన్నపిల్లలు కదల్లేక కూర్చుంటే అది పోటీ కాదు. అలాంటప్పుడు జెండా ఎగరేస్తారు. తెల్ల జెండా మధ్య నీలి చదరం, రెండు హారన్లు: కోర్సు కుదించారు. నీలం తెలుపు గళ్ల జెండా, మూడు హారన్లు: రేసు రద్దు. ఆ మూడు హారన్లకు ముందున్నవాడు తిట్టుకుంటాడు, వెనకున్నవాడు దణ్ణం పెట్టుకుంటాడు. ఒక్క పడవ ఫినిష్ లైను దాటినా సరే, ఆ తర్వాత రద్దు చేసే ముందు అందరి మీదా పడే ఫలితం ఆలోచించి తీరాలని నియమం.

హుస్సేన్ సాగర్ లాంటి చెరువుకు నా తీర్పు ఇది: అరగంటకు కాస్త అటూఇటూ రేసులు, రోజుకు రెండో మూడో, అయిదు పూర్తయ్యాక ఒకటి కొట్టివేత, గాలి చచ్చిపోతే ఆ పూటకు సెలవు.