ఇరుసుకు ముక్కుతాడు

కోయంబత్తూరు ఆవారంపాళయంలోనో, గణపతిలోనో, పీళమేడులోనో ఏదో ఒక షెడ్డు ముందు పంచె మడిచి కట్టి, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట వెర్నియర్ పెట్టుకున్న పెద్దమనిషి కనిపిస్తే ఆయనే నాయుడు మామ. ఎవరికి మామ అని అడగకూడదు. వీధికంతా మామే. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, లెక్కలు తమిళంలో రాస్తాడు, కొలతలు మాత్రం అంగుళాల్లోనూ నూలుల్లోనూ చెబుతాడు. కంపెనీ ఇచ్చిన వస్తువును ఇచ్చినట్టే వాడుకోవడం ఆయన దృష్టిలో ఒట్టి సోమరితనం. కొత్త మిక్సీ ఇంటికొస్తే చట్నీ కన్నా ముందు దాని మోటారు బయటికొస్తుంది.

ఈ జబ్బు ఆయనతో పుట్టింది కాదు. 1893లో కలంగల్‌లో పుట్టిన జి.డి.నాయుడు హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటార్ సైకిల్ కొని, దాన్ని నిలువునా విప్పి చూసినవాడు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి తన బస్సు తానే నడిపాడు. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి ఎలక్ట్రిక్ మోటారును దేశంలోనే తయారుచేశాడు. తర్వాతి తరంలో కరివర్ధన్ మారుతి 800 ఇంజన్‌తో రేసు కార్లు కట్టాడు. చెట్టిపాళయం దగ్గరి రేస్ ట్రాక్ ఆయన పేరు మీదే ఉంది. వీళ్లంతా తనకు దగ్గరి చుట్టాలేనంటాడు మామ. అత్త ఒప్పుకోదు.

మామ ప్రతిభ పూర్తిగా బయటపడాలంటే మదురై బావ రావాలి. మదురై బావ తన వంశకథ 1529లో విశ్వనాథ నాయకుడి దగ్గర మొదలుపెడతాడు. మామ కథ 1920 నాటి బస్సు దగ్గర మొదలవుతుంది. కాబట్టి ఇద్దరికీ మధ్య నాలుగు శతాబ్దాల తేడా ఎప్పుడూ ఉంటుంది. బావ తన పికప్‌లో ఇక్కడికి మల్లెపూలు తెచ్చి, తిరుగు ప్రయాణంలో పంపుసెట్లు, గ్రైండర్లు వేసుకెళ్తాడు. పూల లోడుకు బండి బుద్ధిగానే ఉంటుంది. గ్రైండర్ రాళ్లతో ఎత్తు ఎక్కాల్సి వస్తే మాత్రం క్లచ్ వదలగానే వెనక చక్రాలు దడదడ ఎగురుతాయి.

"షోరూములో చూపిస్తా బావా," అంటాడు బావ.

"షోరూమువాడు దీని కింద ఎప్పుడన్నా పండుకున్నాడా?" అంటూ మామ బండి కిందికి దూరిపోతాడు. ఇక మధ్యాహ్నం దాకా ఆయన కాళ్లతోనే మాట్లాడుకోవాలి.

కిందినుంచి వచ్చే గొంతు చెప్పేది మాత్రం నిజం. ఇంజన్ తిప్పుడు చక్రాలకు చేరేటప్పుడు ఇరుసు హౌసింగ్ ఎదురు తిరగబోతుంది. దాని ముక్కు పైకి లేస్తుంది. దాన్ని ఆపాల్సింది కమాన్ కట్టలే. అవేమో లోడు మోయడానికి వంగేలా చేసినవి. అందుకని మెలి తిరిగి వంకర్లు పోతాయి, ఒక్కసారిగా విడుదలవుతాయి, టైరు పట్టు తప్పి మళ్లీ పట్టుకుంటుంది. ఆ దడదడ అదే. దెబ్బ జాయింట్ క్రాసుల మీద పడుతుంది. పైగా బండి ఎత్తుగా కనబడాలని బావ కట్టకూ ఇరుసుకూ నడుమ దిమ్మెలు పెట్టించాడు; దాంతో మెలి ఇంకా పెరిగింది. ఈ సంగతి బయటపడ్డాక బావ కాసేపు విశ్వనాథ నాయకుడి ఊసెత్తడు.

మందు ట్రాక్షన్ బార్. హౌసింగ్ నుంచి ముందుకు, ఛాసిస్ దాకా వెళ్లే ఉక్కు చేయి. ఎద్దుకు వేసినట్టు ముక్కుకు తాడన్నమాట. మామ సిమెంటు నేల మీద సుద్దముక్కతో బండి బొమ్మ అసలు సైజులో గీసి లెక్క మొదలుపెడతాడు. ఇంజన్ 200 న్యూటన్ మీటర్లు అనుకుందాం. మొదటి గేరులో నాలుగు రెట్లు, క్రౌన్ దగ్గర ఇంకో నాలుగు రెట్లు: 3200. అంతా బారే మోస్తే, మీటరు పొడవు బారుకు ముందు కొసన పడేది దాదాపు 325 కిలోలు. అర మీటరు బారైతే 650. "పొట్టిదానికే పొగరు ఎక్కువ," అని ఆరడుగుల బావకు వినబడేలా అంటాడు అయిదడుగుల మామ, మరిచిపోయి.

ఇంజనీరింగ్ చదివిన కొడుకు ల్యాప్‌టాప్‌లో రంగురంగుల బొమ్మ తెస్తాడు. ఎరుపు ఉన్నచోట విరుగుతుందట. "ఆ రంగు మనం కొట్టం లేప్పా," అంటాడు మామ. కానీ కొడుకు పక్కకు వెళ్లగానే ఆ ఎర్రటి చోటనే ఇంకో రేకు వేయిస్తాడు.

ఆయన గొప్పతనమంతా ముందు కొసలో ఉంది. ఆత్రగాళ్లు బారు రెండు కొసలనూ బిగించి వెల్డింగ్ కొట్టేస్తారు. ఇరుసు గుంటలో దిగి లేచేటప్పుడు కమాన్ ముందు కన్ను చుట్టూ వంపుగా కదులుతుంది. బారు తనదైన వేరే వంపులో తిరగబోతుంది. రెండూ పోట్లాడుకుని సస్పెన్షన్ బిగుసుకుపోతుంది, బుష్‌లు అరిగిపోతాయి. మామ వెనక కొసను హౌసింగ్‌కు కిందా పైనా రెండుచోట్ల పట్టిస్తాడు. ముందు కొసను ఊగే షాకిల్‌కు వేలాడదీస్తాడు. ముందుకీ వెనక్కీ జరగనిస్తుంది, పైకీ కిందికీ పోనివ్వదు. కొడుకు కంప్యూటర్ రాత్రంతా ఆలోచించి చెప్పిందీ అదే. ఈ పనితనంలో మామకు వంక పెట్టలేం. వంకంతా బండిని అనుకున్న రోజుకు తిరిగివ్వడంలోనే ఉంది: బారు కోసం వచ్చిన పికప్‌కు హారన్ కూడా మార్చకుండా ఆయన చేతులు ఆగవు.

మీ బండి కూడా ఎగురుతుంటే ముందు లోడు తగ్గించండి, దిమ్మెలుంటే తీసేయండి, యూ బోల్టులు, సెంటర్ బోల్టు, కమాన్ బుష్‌లు చూపించండి. సగం రోగం అక్కడే కుదరొచ్చు. అప్పటికీ తగ్గకపోతే, బండిలో మార్పుల సంగతి చెప్పే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గురించి ఆర్టీవో ఆఫీసులో అడిగి, ఆ తర్వాతే ఆవారంపాళయం వెళ్లండి. హారన్ జోలికి పోవద్దని మాత్రం మామకు ముందే చెప్పండి.