డాట్ మిల్ ద్వారపాలకులకు బహిరంగ విన్నపం

మహారాజశ్రీ అమెరికా రక్షణశాఖ ఈమెయిల్ వడపోత యంత్రం గారి దివ్యసముఖానికి,
కేరాఫ్ డిసా (రక్షణశాఖ సమాచార వ్యవస్థల సంస్థ) ప్రధాన కార్యాలయం, ఫోర్ట్ మీడ్, మేరీల్యాండ్.

విషయం: అమెరికా సైన్యపు డొమైన్ డాట్ మిల్‌లో సైనికులకు పంపిన మెయిళ్లు చేరాయో లేదో చెప్పవలసిందిగా కోరుట గురించి.

ఆర్యా,

తమరికి విన్నవించుకొనునది ఏమనగా, దీన్ని మెయిల్లో పంపే ధైర్యం లేక అచ్చు వేయించుకుంటున్నాం. మెయిలు పంపేవాళ్లందరి గోడూ ఒకటే. తమరి సర్వరు ముందుగా 250 అంటుంది, అంటే ‘పుచ్చుకున్నాను’ అని. ఆ తర్వాత ఆ మెయిలు సైనికుడి ఇన్‌బాక్సులో ఉండదు, జంక్ ఫోల్డరులో ఉండదు, పంపినవాడికి బౌన్స్ అయి తిరిగీ రాదు. ఫీజు గడువు గుర్తుచేసిన కాలేజీ, అప్పు వాయిదా గురించి రాసిన బ్యాంకు, ఆ సైనికుడు పట్టించుకోలేదనుకుంటాయి. ఆ సైనికుడేమో తనకెవరూ రాయలేదనుకుంటాడు.

తమరు గట్టిగా ఉండటం మీద మాకు పేచీ లేదు. ఒక్క లింకు నొక్కితే చాలు, శత్రువు లోపలికొచ్చి కూర్చుంటాడు. అందుకే 2006 చివర్లో హెచ్‌టీఎంఎల్ మెయిళ్ల మీద వేటు వేశారు. రంగులూ బొమ్మలూ ఊడబెరికి ఉత్త అక్షరాలు మిగిల్చారు. ‘ఇక్కడ నొక్కండి’ అని రాస్తే నొక్కడానికి అక్కడేమీ లేకుండా పోయింది. కానివ్వండి. పంపేవాళ్లూ ఒళ్లు దగ్గర పెట్టుకునే వస్తున్నారు. ఫలానా సర్వరుకు మా తరఫున పంపే హక్కుందని ఎస్‌పీఎఫ్, దారిలో ఎవరూ దిద్దలేదని డీకిమ్, ఈ రెండూ తప్పితే ఏం చేయాలో చెప్పే డీమార్క్, అన్ని కాగితాలూ చేతిలో ఉంటాయి. వాటిని చూపినా గల్లంతు తప్పడం లేదని వాళ్ల ఏడుపు. గూగుల్ తన గడప దగ్గర పోస్ట్‌మాస్టర్ టూల్స్ అని ఒక కిటికీ పెట్టింది. ఎంతమంది తమ మెయిలును స్పామ్ అన్నారో పెద్ద ఎత్తున పంపేవాళ్లు అందులోంచి తొంగి చూసుకోవచ్చు. తమరి గోడకు కిటికీ లేదు.

అసలు ఈమెయిలు తమరి ఇంటి బిడ్డే కదా! 1971లో రే టామ్లిన్సన్ ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మెయిలు పంపింది రక్షణశాఖ సొమ్ముతో నడిచిన ఆర్పానెట్ మీదే. స్పామ్ కూడా అక్కడే పుట్టింది. 1978 మే నెల మొదట్లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేసే గ్యారీ థుయెర్క్, మా కొత్త కంప్యూటర్లు చూడటానికి రండహో అంటూ దాదాపు 400 మందికి ఒకే సందేశం కొట్టాడు. డిఫెన్స్ కమ్యూనికేషన్స్ ఏజెన్సీలో ఆర్పానెట్ వ్యవహారాలు చూసే మేజరు ఒకాయన ఇది ఘోరమైన ఉల్లంఘన అంటూ వెంటనే విరుచుకుపడ్డాడు. ఆ ఏజెన్సీయే 1991లో పేరు మార్చుకుని డిసా అయింది. అంటే ఆ మేజరు తమరికి తాతగారి వరస. ఆయన మర్యాద చూడండి. కోపం వచ్చింది, వచ్చిందని చెప్పాడు.

మెయిలు నడవడికకు ప్రామాణికమైన ఆర్‌ఎఫ్‌సీ 5321 కూడా అదే అడుగుతోంది. 250 అన్న సర్వరు ఆ మెయిలుకు పూచీ పడ్డట్టే. చేర్చాలి, చేతకాకపోతే ఆ మాట పంపినవాడికి చెప్పాలి. పచ్చి మోసమని తేలిన వాటిని చప్పుడు కాకుండా పారేసే వెసులుబాటు అందులో ఉందన్నది నిజమే. కాలేజీ ఫీజు గడువు ఆ కోవలోకి వస్తుందా?

కారణం చెబితే శత్రువుకు సందు దొరుకుతుందంటారా? మాలి ముచ్చట వినండి. ఆ దేశపు డొమైన్ డాట్ ఎంఎల్. డాట్ మిల్ కొట్టబోయి ఐ మరిచిపోతే సైన్యం మెయిలు పశ్చిమ ఆఫ్రికా పోతుంది. ఆ డొమైన్‌ను కాంట్రాక్టు మీద నడిపిన డచ్ వ్యాపారి జొహానెస్ జూర్‌బియర్ ఏళ్ల తరబడి మొత్తుకున్నాడు. 2023లో ఆరు నెలల్లోనే అలా దారితప్పినవి 1,17,000 దాకా పోగయ్యాయి. వైద్య రికార్డులతో పాటు అప్పటి అమెరికా ఆర్మీ చీఫ్ జనరల్ జేమ్స్ మెక్‌కాన్‌విల్ ఇండొనేషియా పర్యటనకు తీసుకున్న హోటల్ గదుల వివరాలూ వాటిలో ఉన్నాయి. కాంట్రాక్టు గడువు తీరి, డొమైన్ రష్యాతో చెలిమి చేస్తున్న మాలి ప్రభుత్వం చేతికి వెళ్లే వేళకు గానీ లోకానికి ఈ సంగతి తెలియలేదు. అప్పుడు పెంటగాన్ ఇచ్చుకున్న సంజాయిషీ మాకు భలే నచ్చింది. డాట్ మిల్ నుంచి నేరుగా అటు పోయే మెయిళ్లను గడప దాటకుండా ఆపేస్తున్నామనీ, చిరునామా సరిచూసుకోమని పంపినవాళ్లకు చెబుతున్నామనీ!

ఆపిన మెయిలు గురించి పంపినవాడికి చెప్పడం తమరికి చేతనవునన్నమాట. అదే ముక్క బయటివాళ్లకూ చెప్పించండి. వివరాలు అడగం. లోపలికి రానివ్వని మెయిలుకు 250 బదులు 550 అనండి, అంటే ‘పుచ్చుకోను’ అని, చాలు.

ఇట్లు,
బౌన్స్ కోసం మొహం వాచిపోయిన
ఒక విధేయుడు