మూడున్నర వేల లోపు ఒక గది చూపించండి సార్

గౌరవనీయులైన అద్దె నియంత్రణాధికారి గారికి,
ఎల్బీనగర్ కోర్టుల సముదాయం,
రంగారెడ్డి జిల్లా.

అయ్యా,

తమరొకరు ఉన్నారన్న సంగతి రెండు నెలల కిందటి దాకా నాకు తెలియదు. సూర్యాపేటలో సొంతింట్లో ఉన్నవాణ్ణి, తెలియాల్సిన అవసరం పడలేదు. మా అమ్మాయికి ఇబ్రహీంపట్నం రోడ్డులోని కాలేజీలో ఇంజినీరింగ్ సీటొచ్చింది. కాలేజీ బస్సు ఎల్బీనగర్లో ఎక్కించుకుంటుందన్నారు. హాస్టల్లో వేద్దామంటే వాళ్లమ్మ ఒప్పుకోలేదు. హాస్టల్ చూసొచ్చాక నేనూ ఒప్పుకోలేదు. ఒక గదిలో ఐదు మంచాలు, వాటి మధ్య నడవాలంటే పక్కకు తిరిగి నడవాలి. సరే, ఇల్లే మారుద్దాం అనుకున్నాం. నేను పనిచేసే బడికి బస్సులో పోయొస్తాను, శనివారం, ఆదివారం హైదరాబాద్‌లో, మిగతా రోజులు అక్కడ.

మా వైపు వాళ్లకు హైదరాబాద్ అంటే ముందు తగిలేది ఎల్బీనగర్. విజయవాడ రోడ్డు మీద వచ్చేవాళ్లూ, సాగర్ రోడ్డు మీద వచ్చేవాళ్లూ బస్సు దిగిన చోటే సామాను దించేసి స్థిరపడ్డారు. కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్ సందుల్లో తిరుగుతుంటే మా జిల్లా యాసే వినబడుతుంది. సొంతూరి మనుషులే కదా, ఇల్లెందుకు దొరకదు అనుకున్నాను. నాలుగు ఆదివారాలు, మూడు సీఎల్‌లు ఖర్చయ్యాయి.

ఆ తిరుగుళ్ల మధ్య విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ మెట్ల మీద చతికిలబడి, ఫోన్లో తమరి చట్టం చదివాను. భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం, 1960. చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. న్యాయమైన అద్దె ఎంతో తమరే నిర్ణయిస్తారట. తగిన కారణం చూపించకుండా ఓనరు ఖాళీ చేయించకూడదట. కిరాయిదారు వాడుకునే సౌకర్యాలను ఊరికే ఆపేయకూడదట. ఇంత దయగల చట్టం పక్క స్టేషన్లో పెట్టుకుని నేను ఎండలో తిరుగుతున్నానేమిటి అనుకున్నాను. తరవాత 32వ సెక్షను వచ్చింది.

ఈ సెక్షను కథ తమరికి తెలిసిందే. చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. మొదట్లో 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన ఇళ్లకు ఈ చట్టం వర్తించదన్నారు. కొత్త ఇళ్లు కట్టేవాళ్లకు ఉత్సాహం కలగాలని. ఉత్సాహం ఇరవై ఆరేళ్లు నడిచింది. 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఇన్నేళ్ల తరవాత కూడా పాత ఇంటికో న్యాయం కొత్త ఇంటికో న్యాయమా అని ఆ వాక్యం కొట్టేసింది. ఆ ఏడు పూర్తి కాకముందే, డిసెంబరు 29న సర్కారు 636 నంబరు జీవో తెచ్చింది. కట్టి పదేళ్లు కాని ఇళ్లకు మినహాయింపు, నెలకు వెయ్యి రూపాయలు దాటిన ఇళ్లకూ మినహాయింపు. 2005లో ఆ వెయ్యిని పెంచారు. మున్సిపల్ కార్పొరేషన్లలో మూడువేల ఐదు వందలు. అంటే అంతకు మించి కిరాయి కట్టేవాడు తమరి గుమ్మం ఎక్కక్కర్లేదు.

సార్, మూడువేల ఐదు వందల లోపు కిరాయికి కొత్తపేటలో నాకు ఏం చూపించారో చెప్తాను. మోహన్‌నగర్లో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో, మెట్ల కింద, మోటారు పక్కన ఒక గది. నిలబడితే తల తగలదు, ఒక మూలన మాత్రమే. వాచ్‌మన్ నాలుగువేలన్నాడు. బేరమాడి మూడున్నరకు తెస్తే చట్టం వర్తిస్తుంది కదా అని ఆశతో అడిగాను. "ఐదు వందల కోసం చూస్తున్నవా సార్, మోటారు సప్పుడు ఫ్రీ" అన్నాడు. కాబట్టి చట్టం పరిధికి ఆ మెట్ల కింద గది కూడా ఐదు వందల దూరంలో ఉంది. డబుల్ బెడ్‌రూమ్ సంగతి ఎత్తను. మాకు చివరికి కుదిరింది పదిహేడు వేలకు.

తమరి చట్టం నడవడం లేదని కొత్తపేటలో చట్టమే లేదనుకునేరు. ఉంది, చాలా గట్టిది. సగం టు-లెట్ బోర్డు మీద ఉంటుంది, సగం ఓనరు గారి నోట్లో ఉంటుంది. బోర్డు మీది సగం తేలిక: ఫ్యామిలీస్ ఓన్లీ, వెజిటేరియన్స్ ఓన్లీ. నోట్లోది బయటికి రావడానికి టైము పడుతుంది. ఒక పెద్దాయన ముందు ఊరడిగారు. చెప్పాను. ఇంటిపేరడిగారు, చెప్పాను. మా ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉంటుంది, ఆ పెద్దాయనకు అంతుచిక్కలేదు.

"ఊళ్లె ఏ దిక్కు సార్ మీ ఇల్లు?"

"చెరువు దిక్కు."

"చెరువుకు ఇవుతలనా, అవుతలనా?"

సర్వే డిపార్టుమెంటు వాళ్లు కూడా ఇంత శ్రద్ధగా కొలతలు తీసుకోరు. నాకు నవ్వొచ్చింది, జవాబివ్వకుండా వచ్చేశాను. వచ్చేయగలిగాను కాబట్టి నవ్వొచ్చింది. మా బడిలో అటెండరు కొడుకు ఇక్కడే దిల్‌సుఖ్‌నగర్లో కోచింగ్ తీసుకున్నాడు. వాడికి చెరువు దిక్కులేవీ అడగకుండానే ఇళ్లు చేజారాయి. ఊరిపేరు, ఇంటిపేరు చాలు. దిల్‌సుఖ్ అంటే మనసుకు సుఖమని అర్థం చెబుతారు.

నీళ్ల సంగతి కూడా విన్నవించాలి. సరూర్‌నగర్ చెరువు కింద కోదండరాంనగర్లో గ్రౌండ్ ఫ్లోర్ ఒకటి చూశాం. ఇల్లు ముచ్చటగా ఉంది, కొత్త రంగులు, కిరాయి కూడా రెండు వేలు తక్కువ. మా ఆవిడ వంటింటి కుళాయి తిప్పి చూస్తూ అడిగింది, నీళ్లు బాగా వస్తాయా అని. ఓనరమ్మ ఒక్క క్షణం ఆగింది. "ఏ నీళ్లమ్మా?" అంది. ఆ ఆగడంలోనే కథంతా ఉంది. 2020 అక్టోబరులో కురిసిన వానకు ఆ కాలనీలన్నీ మునిగాయి, టీవీల్లో పడవలు చూశాం. కొత్త రంగు కింద, గోడ మీద నడుమెత్తున ఒక గీత లీలగా కనబడుతోంది. మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయట. ఆ రెండో నీళ్లకు మాత్రం టైమింగ్ లేదు.

కొత్తపేట మెయిన్ రోడ్డు వైపు ఇంకో లెక్క. అక్కడ పండ్ల మార్కెట్ ఉండేది, 2021లో బాటసింగారం తరలించారు. ఆ జాగాలో పెద్దాసుపత్రికి, టిమ్స్‌కు, 2022 ఏప్రిల్లో శంకుస్థాపన చేశారు. ఒక ఓనరు నాతో "పెద్దాసుపత్రి పక్కనే సార్, అందుకే రెండు వేలు ఎక్కువ" అన్నాడు. మరి మార్కెట్ ఉన్నప్పుడు లారీలు, ఈగలు, కుళ్లిన బత్తాయిల కంపు, అప్పుడేమన్నా తగ్గించేవాళ్లా అని అడిగాను. "అప్పుడు పండ్లు దగ్గరని ఎక్కువ తీసుకుంటుంటిమి" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా. మెట్రో 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా వచ్చింది. దాని కిరాయి వేరు. ఏ ఇల్లు చూసినా "మెట్రోకు ఐదు నిమిషాలు." మా అమ్మాయి ఒకసారి వాచీ పెట్టుకుని నడిచింది, పదిహేడు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలు మోటారు సైకిలు నిమిషాలట.

అడ్వాన్సు విషయంలో కేంద్రం వారు 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టం ఒకటి ఆమోదించారు. ఇళ్లకు రెండు నెలల కిరాయి కంటే ఎక్కువ డిపాజిట్ తీసుకోకూడదని అందులో ఉంది. నమూనా అంటే నమూనాయే. రాష్ట్రాలు తీసుకుంటేనే చట్టం, లేకపోతే బట్టల షాపులో బొమ్మకు తొడిగిన చీర. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు కట్టినవాళ్లతో పోలిస్తే మనం అదృష్టవంతులమే, ఒప్పుకుంటాను. ఇక్కడ రెండు నెలలే అడిగారు. ఖాళీ చేసే రోజు రంగుల పేరుతో అందులో ఒక నెల పోతుందని కూడా ముందే చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఇక ఆషాఢం. కౌన్సెలింగ్ వాళ్లకు పంచాంగం లేదు, ఓనర్లకు పంచాంగం తప్ప ఇంకోటి లేదు. సీటు ఆషాఢంలో వచ్చింది. ఖాళీ ఇళ్లు బోలెడున్నాయి, ఎవరూ దిగరు కాబట్టి. మేం దిగుతామంటే ఓనర్లు ఒప్పుకోరు, మా అమ్మా ఒప్పుకోదు. "శ్రావణంలో పాలు పొంగించుకోండి, కిరాయి మాత్రం ఈ ఒకటో తారీఖు నుంచి లెక్క." దేవుడికి ఆషాఢం పనికిరాదు గానీ కిరాయికి పనికొస్తుంది.

అసలు సంగతికి ఇప్పుడొస్తున్నాను. మా అమ్మకు డెబ్బై ఆరేళ్లు. మూడు ఇళ్లలో అన్నీ కుదిరాయి, నీళ్లు, కులం, వాస్తు, మాంసం, అన్నీ. అడ్వాన్సు ఇచ్చే రోజు అమ్మను తీసుకెళ్లాను, ఇల్లు చూస్తానంటే. మెట్లు ఎక్కేటప్పుడు ఆమె గోడ పట్టుకోవడం ఓనర్లు చూశారు. సాయంత్రం ఫోను: మా తమ్ముడు అమెరికా నుంచి వస్తున్నాడు, పోర్షను మాకే కావాల్సొచ్చింది. మూడిళ్లకూ అమెరికా తమ్ముళ్లే. నాకు అర్థం కావడానికి మూడోది అవసరమైంది.

కిరాయి ఇంట్లో చావు జరిగితే ఇంటికి కీడని, శవాన్ని గేటు లోపలికి రానివ్వకుండా బజారులో టెంటు వేసి పడుకోబెట్టిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. చదివి పేజీ తిప్పేవాణ్ణి. ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా ముందు గేటు వెడల్పు, బజారు వెడల్పు చూడ్డం అలవాటైంది. తమరి చట్టంలో ఈ విషయానికి సెక్షను ఏదీ నాకు కనబడలేదు.

నాలుగో ఇల్లు వాసవీ కాలనీ దగ్గర. ఓనరమ్మ అరవై దాటిన మనిషి, ఒంటరిగా కింద ఉంటుంది. నేను ఈసారి అమ్మను దాచలేదు, ముందే తీసుకుపోయాను. ఆమె మా అమ్మకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, పైనుంచి కింది దాకా చూసింది. బీపీ ఉందా, షుగరుందా, గుండెకు ఏమన్నా వేయించారా, ఒక్కటొక్కటే అడిగింది. మా అమ్మ అన్నిటికీ లేదనే చెప్పింది, మూడింటిలో రెండు అబద్ధాలు. ఆఖరికి ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమనుకోకు పెద్దమ్మా, పాణం మంచిగనే ఉంటదా?"

మా అమ్మ గ్లాసు కింద పెట్టి, "అగిరిమెంటు పదకొండు నెల్లే గద బిడ్డా? అందాంక ఢోకా లేదు" అంది.

ఓనరమ్మ నవ్వింది. నవ్వినందుకు సిగ్గుపడింది. తరవాత తాళాలు ఇచ్చింది.

పదకొండు నెలలంటే తమరికి చెప్పనక్కర్లేదు. ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మీద పడుతుందన్న భయంతో దేశమంతా పన్నెండో నెలను కాగితం మీంచి తీసేసింది. వంద రూపాయల స్టాంపు పేపరు, నోటరీ ముద్ర, ఏటా ఐదో పదో శాతం పెంపు. వచ్చే జూన్‌లో మా అమ్మ మళ్లీ ఇంటర్వ్యూకు కూర్చోవాలేమో తెలియదు. ఇప్పటినుంచే పొద్దున్న అష్టలక్ష్మి గుడి దాకా నడక మొదలుపెట్టింది, ఆరోగ్యం కోసం కాదు, ఓనరమ్మ కిటికీలోంచి చూస్తుందని.

కనుక విన్నపం. ఆ మూడువేల ఐదు వందల పక్కన తమరు, తమ పైవాళ్లు ఇంకో సున్నా పెడతారో, అంకె తీసేస్తారో, లేక ఆ అంకెకు సరిపడే గది ఒకటి కొత్తపేటలో వెతికి చూపిస్తారో, ఏదో ఒకటి చేయండి. మూడోది ఎంచుకుంటే నేను వెంట వస్తాను, సందులన్నీ తెలుసు. ఒకవేళ తమరు కూడా బదిలీ మీద వచ్చి కిరాయి ఇంట్లోనే ఉంటున్నట్టయితే, ఈ లేఖను అధికారికంగా కాక, తోటి కిరాయిదారు రాసిందిగా చదువుకోగలరు. ఓనరు ముందు మాత్రం చదవకండి.

జవాబు పంపదలిస్తే సూర్యాపేట పాత అడ్రసుకే పంపించండి. ఇక్కడి అడ్రసు ఆధారుకూ, గ్యాసుకూ, ఎవరికీ ఇవ్వొద్దని మొదటి రోజే చెప్పారు.

ఇట్లు,
తమరి చట్టానికి పదమూడువేల ఐదు వందల రూపాయల అవతల నివసిస్తున్న
ఒక కిరాయిదారు