పెనెలపీ ఇన్‌బాక్సు

అమెరికాలో క్లాసిక్స్ పీహెచ్‌డీకి, అంటే ప్రాచీన గ్రీకు, లాటిన్ చదువుకు, డిసెంబరులో దరఖాస్తు పెట్టినవాళ్లకు ఫిబ్రవరికల్లా కళ్లు కాయలు కాస్తాయి.

హోమర్ కావ్యంలో పెనెలపీ మొగుడి కోసం 20 ఏళ్లు ఎదురుచూసింది. పగలు నేసిన బట్టను రాత్రి విప్పేస్తూ మూడేళ్లు నెట్టుకొచ్చింది. అభ్యర్థి పగలు ఈమెయిల్ తెరుస్తాడు, రాత్రి స్పామ్ తవ్వుతాడు. నేసిందీ లేదు, విప్పిందీ లేదు. ఫీజు మాత్రం పోయింది.

ఇంత ఎదురుచూపూ ఏ చదువు కోసమంటే, హోవర్డ్ యూనివర్సిటీ 2021లో దాని విభాగాన్నే ఎత్తేసింది. అదే ఏడాది ప్రిన్స్‌టన్, క్లాసిక్స్ బీఏకి గ్రీకు, లాటిన్ తప్పనిసరి కాదంది. ఆవకాయకు ఆవాలు అక్కర్లేదన్నట్టు!

సీటొచ్చినవాళ్లు జవాబివ్వడానికి ఆనవాయితీ గడువు ఏప్రిల్ 15. వెయిట్‌లిస్టు వీరుడు ఆ సాయంత్రం దాకా స్పామ్ తవ్వుతూనే ఉంటాడు.